నమ్మకం సరే, నింద ఎవరి మీద?

(పోచారంలో మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



'నిత్యజీవితంలో మూఢనమ్మకాలు, స్త్రీలు' అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ విషయం ఎత్తగానే సభల్లో మామూలుగా రెండు రకాల స్పందన వస్తుంది. కొందరు నవ్వుతారు. పిల్లి ఎదురొచ్చింది, తుమ్ము తుమ్మింది అని నాలుగు కథలు చెప్పుకుని ఇళ్ళకు వెళతారు. ఇంకొందరికి కోపం వస్తుంది. మా దేవుళ్ళ జోలికి, మా పూజల జోలికి వస్తున్నారని అనుకుంటారు. ఈ రోజు నేను నవ్వించడానికి రాలేదు, ఎవరి పూజనూ తప్పుపట్టడానికీ రాలేదు. ఒక్క ప్రశ్న మీ ముందు పెట్టడానికి వచ్చాను. ఏ నమ్మకమైనా సరే, అది నిజమా అబద్ధమా అనే వాదన కాసేపు పక్కన పెడదాం. ఆ నమ్మకం ఎవరి మీద నింద మోపుతోంది? దాని ఖర్చు ఎవరి ఒంటి మీద, ఎవరి కూలి మీద, ఎవరి ఇంటిజాగా మీద పడుతోంది? హక్కుల కోసం పనిచేసే మనం మొదట అడగవలసింది ఇదే అని నా అభిప్రాయం.

ఉప్పల్ నుంచి పోచారం దాకా వచ్చే దారిలో ఒకసారి చూడండి. ప్రతి ఆటోకీ నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ వేలాడుతుంటాయి. ప్రతి కొత్త అపార్టుమెంటు ముందూ బూడిద గుమ్మడికాయ కట్టి వుంటుంది. పెద్ద పెద్ద కంపెనీలలో పనిచేసే పిల్లల కాళ్ళకు నల్లదారం వుంటుంది. వీటివల్ల ఎవరికీ పెద్దగా నష్టం లేదు. కట్టుకున్నవాళ్ళకు కొంత ధైర్యం, అమ్ముకున్నవాళ్ళకు నాలుగు రూపాయలు. నేను వీటిమీద యుద్ధం ప్రకటించమని చెప్పను.

కానీ అదే ఇంట్లోంచి కొడుకు ఇంటర్వ్యూకి బయలుదేరేటప్పుడు, భర్త పోయిన పెద్దమ్మ ఎదురు రాకుండా వంటింట్లోకి వెళ్ళి నిలబడుతుంది. ఎవరూ ఆమెను పొమ్మని చెప్పరు. చెప్పవలసిన అవసరం లేకుండానే ఆమె వెళ్ళిపోతుంది. గుమ్మడికాయకూ దీనికీ తేడా ఇక్కడే వుంది. ఒక నమ్మకం గుమ్మానికి కాయ కడుతుంది, ఇంకొక నమ్మకం ఒక మనిషిని గుమ్మం నుంచి తొలగిస్తుంది.

మన భాషలో మాటలే చూడండి. కోడలు వచ్చిన నెలకు ఇంట్లో ఎవరైనా చనిపోతే 'కాలు పెట్టిన వేళ మంచిది కాదు' అంటారు. భర్త చనిపోతే 'మొగుణ్ణి మింగింది' అంటారు. కాన్పులో తల్లి పోతే అప్పుడే పుట్టిన పసిగుడ్డును 'తల్లిని మింగిన పిల్ల' అంటారు. పిల్లలు పుట్టకపోతే గొడ్రాలు అంటారు. దానికి సరిసమానంగా మగవాడిని నిందించే మాట ఎంత వెతికినా వ్యవహారంలో దొరకదు. భార్య చనిపోయిన మగవాడిని 'పెళ్ళాన్ని మింగాడు' అని ఎవరూ అనరు. పాపం ఒంటరివాడయ్యాడని మూణ్ణెల్లకే సంబంధాలు చూస్తారు. పుట్టేది ఆడో మగో నిర్ణయించేది తండ్రి బీజకణమని పదో తరగతి పుస్తకంలో చదువుకున్నవాళ్ళే, ఆడపిల్ల పుడితే కోడలి వంక చూస్తారు.

గ్రహణమొర్రి అనే మాట అందరం వాడతాం. పుట్టుకతో పై పెదవి చీలివుండే లోపానికి మన తెలుగులో వున్న పేరే అది. అంటే ఆ పేరులోనే తీర్పు వుంది. గ్రహణం రోజున ఆ తల్లి కదిలింది, ఏదో కోసింది, గీసింది, అందుకే బిడ్డకు ఇలా అయింది అని. నిజానికి గర్భం దాల్చిన మొదటి రెండు మూడు నెలల్లోనే పెదవి, అంగిలి అతుక్కుంటాయి. అవి సరిగా అతుక్కోకపోవడానికి వంశపారంపర్య లక్షణాలు, ఫోలిక్ ఆమ్లం లోపం, పొగ, కొన్ని రకాల మందులు కారణాలు కావచ్చునని వైద్యులు చెబుతారు. చాలా సందర్భాల్లో ఇదీ కారణమని ఒక్కటి తేల్చి చెప్పలేరు. పెదవికి కొద్ది నెలల వయసులోనే, అంగిలికి ఏడాది అటూ ఇటూగా శస్త్రచికిత్స చేస్తే బిడ్డ మామూలుగా తింటుంది, మాట్లాడుతుంది. కాని మన దగ్గర ఏం జరుగుతుంది? తల్లి తనదే తప్పనుకుని బిడ్డను కొంగుకింద దాచుకుని తిరుగుతుంది. నింద భయంతో బయటికి తేకపోవడం వల్ల చికిత్స వయసు దాటిపోతుంది. ఇంకో వైపు, గ్రహణం పట్టినన్ని గంటలూ నిండు గర్భిణిని మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా కదలకుండా పడుకోబెడతారు. గ్రహణం ఆమెకు ఏమీ చెయ్యదు. దాహంతో, ఆకలితో అన్ని గంటలు వుండడం మాత్రం చేస్తుంది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలంగాణ మీదుగానే వెళ్ళింది. దాన్ని చూడడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాలకు శాస్త్రవేత్తలు తరలివచ్చారు. అదే మధ్యాహ్నం హైదరాబాదు వీధులు బోసిపోయాయి. జనం తలుపులు వేసుకుని కూర్చున్నారు. దానికి అర్ధశతాబ్దం ముందే ఒక తెలుగు స్త్రీ ఈ భయాన్ని తన ఒంటిమీదే పరీక్షకు పెట్టింది. ఆమె సరస్వతి గోరా. భర్త గోరాతో శ్రీలంకలో వున్న రోజుల్లో, గర్భిణిగా వుండి, గ్రహణం సమయంలో బయటికి వచ్చి తిరిగారు. ఏ నష్టమూ జరగలేదు. చిన్న వయసులో, పరాయి చోట, గర్భంతో వున్న అమ్మాయికి అది ఎంత ధైర్యమో మీరే ఆలోచించండి. ఏదైనా జరిగివుంటే గ్రహణాన్ని కాదు, ఆమెనే అనేవారు.

ఇది మన దేశంలోనే వున్న రోగం అనుకోకండి. జపాన్ సంగతి చెబుతాను. రైళ్ళు, కెమెరాలు, టెలివిజన్ల తయారీలో ప్రపంచానికి పాఠాలు చెప్పిన దేశం. అక్కడ 60 ఏళ్ళకొకసారి 'నిప్పు గుర్రం' సంవత్సరం వస్తుంది. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొండిదవుతుందని, భర్త ఆయుష్షు తగ్గిస్తుందని పాత నమ్మకం. 1965లో జపాన్‌లో సుమారు 18 లక్షల 20 వేలమంది పిల్లలు పుట్టారు. నిప్పు గుర్రం సంవత్సరమైన 1966లో పుట్టినవాళ్ళు 13 లక్షల 60 వేలమందే. మళ్ళీ 1967లో 19 లక్షలు దాటారు. అంటే ఒక్క ఏడాదిలో జననాలు నాలుగో వంతు తగ్గిపోయాయి. మగపిల్లవాడైతే ఆ ఏడు పుట్టినా ఇబ్బంది లేదు. ఆడపిల్ల పుడుతుందేమోనన్న భయమే అంతమంది దంపతులను ఆపింది.

ఆ దంపతులందరూ ఆ మాటను మనసారా నమ్మారా? అలా అనుకోనక్కరలేదు. తాము నమ్మకపోయినా, రేపు పిల్లకు పెళ్ళీడు వచ్చినప్పుడు అవతలివాళ్ళు నమ్ముతారేమో అనే భయం చాలు. ఇది మనకు కొత్తా? 'మాకు పట్టింపు లేదండీ, పెద్దవాళ్ళు ఒప్పుకోరు' అనే మాట మనం ఎన్ని సంబంధాలలో వినలేదు! మూలా నక్షత్రపు పిల్ల మామగారికి గండం, ఆశ్లేష అత్తగారికి, జ్యేష్ఠ బావగారికి, విశాఖ మరిదికి. కుజదోషం వుంటే ఏకంగా భర్తకే. పిల్ల జాతకంలో మెట్టినింటి వాళ్ళందరి ప్రాణాలూ వుంటాయి. పిల్లవాడి నక్షత్రం వల్ల అత్తవారింట్లో ఎవరికి ఏ గండమో అడిగేవాళ్ళు అరుదు. ఆడపిల్ల తండ్రి ఆ 'దోషానికి' పరిహారంగా పూజలు చేయిస్తాడు, ఆపైన కట్నం కూడా పెంచుతాడు. నమ్మకం బతకడానికి నమ్మేవాళ్ళు ఎక్కువమంది అక్కరలేదు. ఎదుటివాళ్ళు నమ్ముతారనే భయం వుంటే చాలు, అందరూ దాని ప్రకారమే నడుస్తారు. అందుకే ఒక్కొక్కరికి విడివిడిగా నచ్చజెబితే లాభం తక్కువ. పదిమంది కలిసి ఒకేసారి, బహిరంగంగా 'మేం పట్టించుకోం' అనాలి. ఈ సంగతి చివర్లో మళ్ళీ చెబుతాను.

నమ్మకాలన్నీ ఒకటే అని నేను అనడం లేదన్నాను కదా, దానికి మన పోచమ్మ తల్లే ఉదాహరణ. మశూచి ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చిపెట్టిన కాలంలో జనం పోచమ్మకు బోనం చేశారు. రోగం వచ్చినవాళ్ళను 'అమ్మవారు పోసింది' అన్నారు. వేపాకు కట్టారు, చల్లని పదార్థాలు పెట్టారు. రోగి మీద నింద లేదు, ఇంకొకరు తెచ్చిపెట్టారనే నేరం లేదు. తరవాత టీకాలు వచ్చాయి. మన దేశంలో మశూచి 1975తో ఆగిపోయింది, 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. రోగం పోయింది, పోచమ్మ వుంది, బోనాలు వున్నాయి. ఆషాఢంలో బోనమెత్తుకున్న ఆడవాళ్ళు వీధి నిండా నడుస్తుంటే నాకూ సంతోషంగానే వుంటుంది. టీకాకీ బోనానికీ పోరాటం జరగలేదు. అయితే అదే సంస్కృతిలో, పిల్లకు జబ్బు చేసిందనో ఇంటికి కీడు జరిగిందనో దళిత కుటుంబాల ఆడపిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో విడిచి జోగినిని చేయడం కూడా వుంది. దేవతకు ఇచ్చామన్న పిల్ల ఊరి పెద్దల పాలయింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో చట్టం చేసి దాన్ని నేరమన్నది. నిజామాబాదు ప్రాంతంలో హేమలతా లవణం వంటివారు ఏళ్ళ తరబడి జోగినుల మధ్య పనిచేశారు. బోనంలో భక్తి వుంది, జోగు విడవడంలో ఒక ఆడపిల్ల శరీరాన్ని మూల్యంగా చెల్లించడం వుంది. ఈ రెండిటినీ వేరుచేసి చూడగలగాలి.

ఇక ఇదంతా చదువులేనివాళ్ళ వ్యవహారం అనేవాళ్ళకు ఒక మాట. తార్నాక దాటి హబ్సిగూడ నుంచి ఉప్పల్ వైపు వస్తుంటే మన దేశంలోనే పేరున్న పరిశోధనా సంస్థలు వరసగా కనిపిస్తాయి. భూభౌతిక పరిశోధనా సంస్థ, రసాయన సాంకేతిక సంస్థ, కణజీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ. శాస్త్రీయ దృక్పథం కోసం జీవితాంతం గొంతెత్తిన పుష్పమిత్ర భార్గవ స్థాపించిన సంస్థ అది. ఆ రోడ్డుకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, చిలుకానగర్‌లో, 2018 ఫిబ్రవరి 1న ఒక ఇంటి డాబా మీద పసిపాప తల దొరికింది. ముందురోజు రాత్రి చంద్రగ్రహణం. భార్య జబ్బు నయం కావాలని ఆ ఇంటి మనిషే, రోడ్డు పక్కన నిద్రపోతున్నవాళ్ళ దగ్గరనుంచి పాపను ఎత్తుకొచ్చి బలి ఇచ్చాడని పోలీసులు చెప్పారు. 2021 జనవరిలో అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో ఉన్నత చదువులు చదివి, పాఠాలు చెప్పే తల్లిదండ్రులే ఎదిగిన ఇద్దరు కూతుళ్ళను పూజల పేరుతో చంపారని కేసు నమోదైంది. 2015లో మన ముఖ్యమంత్రే సచివాలయానికి వాస్తు బాగాలేదని బహిరంగంగా అన్నారు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో 51ఎ అధికరణంగా చేర్చుకున్నాం. ఆ విధిని బస్తీ ఆడవాళ్ళకే గుర్తు చేయడం ఏం న్యాయం?

ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదకరమైన దానికి వస్తాను. బాణామతి, చేతబడి. మెదక్, రంగారెడ్డి ప్రాంతాలకు ఇది పాత గాయం. 1980లలో మెదక్ గ్రామాల్లో బాణామతి కలకలం చెలరేగినప్పుడు విజయవాడ నాస్తిక కేంద్రం వారు, వైద్యులు, మానసిక వైద్యులు ఊళ్ళలో తిరిగారు. ఇళ్ళమీద రాళ్ళు పడడం, దండెం మీద బట్టలు అంటుకోవడం, ఆడవాళ్ళు ఒక్కసారిగా ఊగిపోయి అరవడం, ఇవీ అక్కడ చెప్పుకున్న లక్షణాలు. మాట్లాడడానికి చోటులేని ఆడదాని బాధ ఒంట్లోంచి అలా బయటికి వస్తుందని మానసిక వైద్యులు చెబుతారు. కాని ఊరు అలా చూడదు. ఎవరు చేశారని అడుగుతుంది. అనుమానం వచ్చిన మనిషి మంత్రం పలకకూడదని పళ్ళు పీకిన ఊళ్ళున్నాయి.

ఇది గతం కాదు. 2019 సెప్టెంబరులో, ఈ మేడ్చల్ జిల్లాలోనే, శామీర్‌పేట మండలం అద్రాసుపల్లిలో, ఒక మహిళ చనిపోవడానికి బాణామతే కారణమని ఒక యువకుణ్ణి చంపి, ఆమె చితిమీదే కాల్చారు. 2022 జనవరిలో జగిత్యాలలో కులసంఘం సమావేశంలో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ పొడిచి చంపారు. 2024 అక్టోబరులో మెదక్ జిల్లా రామాయంపేట మండలం కాట్రియాలలో ఒక మహిళ మీద పెట్రోలు పోసి తగులబెట్టారు. నేరగణాంకాల సంస్థ ఏటా హత్యల కారణాలలో మంత్రతంత్రాల నెపాన్ని వేరుగా లెక్కిస్తుంది. అది ప్రాణం పోయినవాళ్ళ లెక్క మాత్రమే. ఊరు విడిచి పోయినవాళ్ళు, మాటలు పడుతూ బతుకుతున్నవాళ్ళు, నల్లా దగ్గర బిందె పెట్టనివ్వనివాళ్ళు ఏ లెక్కలోనూ లేరు.

ఈ నేరం ఎలా తయారవుతుందో మనం అర్థం చేసుకుంటేనే మధ్యలో అడ్డుపడగలం. ఇది ఒక్కరోజులో జరగదు. ముందు ఇంట్లో జబ్బు. ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజక్షన్లు, తగ్గదు. అప్పుచేసి ప్రైవేటు ఆసుపత్రి, పరీక్షలు, అయినా పేరు తెలియదు. అప్పుడెవరో మంత్రగాడి దగ్గరికి పంపుతారు. ఒక సంగతి గమనించండి. మంత్రగాడు సాధారణంగా పేరు చెప్పడు. 'మీకు తూర్పు దిక్కున, మీ ఇంట్లో తిన్న మనిషే, ఒంటరి మనిషి' అంటాడు. పేరు పెట్టేది ఇంటివాళ్ళు. ఆ పేరు ఎవరిదవుతుంది? పదిమంది అన్నదమ్ములున్నవాడిదీ, సర్పంచు బంధువుదీ కాదు. అప్పటికే జాగా తగాదా వున్న మనిషిది, వెనకాల ఎవరూ లేని మనిషిది. భర్త పోయిన స్త్రీ, పిల్లలు లేని ముసలమ్మ, దళితుడు, నోరున్న ఆడది. తరవాత మాట ఊరంతా పాకుతుంది. పాత సంగతులన్నీ కొత్తగా గుర్తుకొస్తాయి, ఆ రోజు చూసింది, ఈ రోజు నవ్వింది అని. ఆపైన పంచాయితీ, ప్రమాణాలు. ఆపైన కర్రలు.

ఈ చుట్టుపక్కలే జరిగిన ఒక సంగతి చెబుతాను. ఊరు, పేర్లు చెప్పను. ఆమెకు నలభై దాటాయి. భర్త పోయి అయిదారేళ్ళు. ఒక కంపెనీ క్యాంటీన్లో వంటపని. భర్త వదిలిపోయింది 120 గజాల జాగా, అందులో రెండు గదులు. కంపెనీలు, వెంచర్లు వచ్చాక ఇక్కడ గజం ధర ఎక్కడికి పోయిందో మీకు నేను చెప్పనక్కరలేదు. పక్కనే మరిది కుటుంబం. మరిది కొడుకుకు పదకొండేళ్ళు, వున్నట్టుండి పడిపోయి కొట్టుకోవడం మొదలైంది. తాళంచెవులు చేతిలో పెట్టారు, ఉల్లిగడ్డ వాసన చూపించారు, తాయెత్తు కట్టారు. తగ్గలేదు. ఒక అమావాస్య మర్నాడు గుమ్మం ముందు కోసిన నిమ్మకాయ, కుంకుమ కనిపించాయి. ఇంక ఆ యారాలు వీధిలో నిలబడి ఈమె పేరు పెట్టి అరిచింది. సాయంత్రానికి 'జాగా వాళ్ళకిచ్చి పుట్టింటికి పొమ్మనండి, పిల్లగాడి ప్రాణం దక్కుతుంది' అని పెద్దమనుషులు తీర్పు దాకా వచ్చారు. జబ్బు ఎక్కడ మొదలైంది, తీర్పు ఎక్కడికొచ్చిందో చూశారు కదా.

మా సంఘం నుంచి ఆరుగురం వెళ్ళాం. చేతబడి వుందా లేదా అనే చర్చలోకి మేం దిగలేదు. ఇద్దరం పిల్లవాడి తల్లి దగ్గర కూర్చుని, ముందు పిల్లవాణ్ణి పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకు చూపిద్దామని ఒప్పించాం. ఇద్దరం ఈమెతో స్టేషనుకు వెళ్ళాం. 'ఇంటి గొడవలమ్మా, కూర్చుని మాట్లాడుకోండి' అన్నారు. మేం కూర్చున్నాం, రాసిచ్చిన ఫిర్యాదుకు రసీదు ఇచ్చేదాకా కూర్చున్నాం. మిగిలిన ఇద్దరం ఆమె జాగా కాగితాలు బయటికి తీసి నకళ్ళు చేయించాం. పిల్లవాడికి వున్నది మూర్ఛవ్యాధి అని డాక్టరు చెప్పారు. గోలీలు రోజూ వేసుకోవాలి, తగ్గిందని మధ్యలో మానకూడదు, ఏళ్ళు పట్టవచ్చు అన్నారు. కొన్ని నెలలకు పడిపోవడం బాగా తగ్గింది.

అప్పుడు ఆ యారాలు ఈమెతో ఏమన్నదో తెలుసా? 'నువ్వు ఇడిచిపెట్టినవ్ గాబట్టే మందు పట్టిందక్కా' అన్నది. ఈమె అన్నది: 'ఇడిచిన్నో పట్టిన్నో గానీ చెల్లె, పిల్లగానికి గోలీలు మాత్రం ఆపకు.'

ఈ మాట మనకు చాలా నేర్పుతుంది. యారాలు నమ్మకం పోలేదు. ఇప్పటికీ ఈమెను బొట్టు పెట్టి పిలవరు. కాని ఈమె తన ఇంట్లో తాను వుంది, జాగా ఈమె పేరునే వుంది, పిల్లవాడికి వైద్యం అందుతోంది. అందరి మనసులూ మారేదాకా ఆగితే ఈమె ఎప్పుడో ఊరు విడిచివుండేది. మనసులు మార్చే పని సాగుతూనే వుండాలి. అంతకంటే ముందు మనిషిని కాపాడాలి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో, రాజస్థాన్ 2015లో మంత్రగత్తె అని ముద్ర వేయడాన్నే నేరం చేస్తూ చట్టాలు తెచ్చుకున్నాయి. మహారాష్ట్రలో డాక్టర్ నరేంద్ర దభోల్కర్ ఏళ్ళ తరబడి అడిగిన చట్టం, ఆయనను 2013 ఆగస్టు 20న కాల్చి చంపాకగాని రాలేదు. కర్ణాటక 2017లో చేసి 2020లో అమలులోకి తెచ్చింది. మనకు సరిహద్దు రాష్ట్రాలైన మహారాష్ట్రకు, ఛత్తీస్‌గఢ్‌కు, కర్ణాటకకు వున్నప్పుడు, తెలంగాణకు ఎందుకు వుండకూడదు? మనకు కావలసింది శిక్షలు మాత్రమే కాదు. ఊరు విడిచిన మనిషికి పునరావాసం, నష్టపరిహారం, వైద్యం ఖర్చు కూడా చట్టంలో వుండాలి.

ప్రత్యేక చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవలసిన పనిలేదు. కొట్టినా, బెదిరించినా, పరువు తీసినా, ఇంట్లోకి చొరబడినా 2024 జూలై 1 నుంచి అమలులో వున్న భారతీయ న్యాయ సంహిత కింద నేరాలే. అయిదుగురు లేక అంతకంటే ఎక్కువమంది కలిసి వ్యక్తిగత నమ్మకంవంటి కారణంతో చంపితే దాని 103వ సెక్షన్‌లో వేరే ఉపవిభాగమే వుంది. బాధితులు దళితులో ఆదివాసీలో అయి, వేధించినవాళ్ళు ఆ కులాలకు చెందనివాళ్ళయితే, మంత్రగత్తె అనే నెపంతో శారీరకంగా గాని మానసికంగా గాని హింసించడం అత్యాచారాల నిరోధక చట్టంలో నేరం. 2015 సవరణతో స్పష్టంగా చేర్చారు. భర్త పోయిన స్త్రీని అత్తింటివాళ్ళు వెళ్ళగొడితే 2005 గృహహింస చట్టం వుంది. భర్త పోయాక కూడా ఆమెకు ఆ ఇంట్లో వుండే హక్కు వుంటుందని సుప్రీంకోర్టు 2022 మేలో ప్రభా త్యాగి కేసులో చెప్పింది. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది. 112, 181 నంబర్లు, జిల్లాలో సఖి కేంద్రం వున్నాయి. ఇవి కార్యకర్తలందరికీ నోటికి వచ్చి వుండాలి.

చివరగా, మనం చేయగల పనులు. మొదటిది, 'ఫలానామె చేసిందట' అనే మాట వినబడిన రోజే కదలాలి. కర్రలు లేచేదాకా ఆగకూడదు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, పొదుపు సంఘం లీడరు, ఈ ముగ్గురి చెవిన అందరికంటే ముందు పడుతుంది ఆ మాట. రెండోది, ఎక్కడ నింద వుందో అక్కడ ఒక జబ్బు వుంటుంది, తరచుగా ఒక జాగా కూడా వుంటుంది. జబ్బుకు వైద్యం చూపించండి, జాగాకు కాగితాలు చూడండి. నిందవేసిన కుటుంబం కూడా కష్టంలో వున్నదే అని మరచిపోవద్దు. దగ్గరలో వున్న ప్రభుత్వ ఆసుపత్రిలో ఏ రోజు ఏ డాక్టరు వుంటాడో తెలియజెప్పడం కూడా మూఢనమ్మకం మీద పోరాటమే. మూడోది, బాధితురాలిని ఒంటరిగా వుంచకండి. జార్ఖండ్‌లో ఛుట్నీ మహతో, అసోంలో బీరుబాలా రాభా ఇటువంటి నిందల మధ్యనుంచే లేచి వందలాది స్త్రీలకు అండగా నిలబడ్డారు. ఇద్దరికీ 2021లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళు పెద్ద చదువులు చదివినవాళ్ళు కాదు.

నాలుగోది, ఇందాక జపాన్ సంగతిలో ఆపిన మాట. ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో అనే భయాన్ని పోగొట్టాలంటే ఎదుటివాళ్ళంతా ఒకచోట కూర్చోవాలి. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ అనే గ్రామం 2022 మేలో గ్రామసభలో తీర్మానం చేసింది. భర్త చనిపోయిన స్త్రీకి గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం, మెట్టెలు తీయడం, శుభకార్యాలకు దూరంగా వుంచడం మా ఊళ్ళో వుండకూడదని. ఆ వెంటనే రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలను కూడా ఆ దారిలో నడవమని ఉత్తర్వు పంపింది. కోరిన స్త్రీ బొట్టు పెట్టుకుంటుంది, కోరనామె పెట్టుకోదు, అది ఆమె ఇష్టం. ఊరు మాత్రం తుడవదు.

మీ మీ ఊళ్ళలో, బస్తీలలో ఇటువంటి తీర్మానం పెట్టాలంటే మొదట ఏ ఆచారం మీద పెడతారు? ఎవరు అడ్డుపడతారు, ఎవరు మీతో వస్తారు? మధ్యాహ్నం గుంపులుగా కూర్చున్నప్పుడు ఈ మూడు ప్రశ్నల మీద మాట్లాడి, ఒక్కొక్క గుంపు తీర్మానం నమూనా రాసి తీసుకురావాలని కోరుతున్నాను. అవి తీసుకుని వచ్చే నెలలో వార్డు సభలకు కలిసే వెళదాం.

సెలవు.